ఇంట్లో బడి పెడితే పెద్దపిల్ల చదువు ఎవురు చూడాల?

2020 జూన్‌లో ధర్మవరంలో మా ఇంటి గోడకు ఒక చార్టు అంటించినా. స్కేలు పెట్టి గీతలు కొట్టి, రంగు పెన్నులతో పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాంకా గంటకొక సబ్జెక్టు రాసినా. నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజు మా అన్న కొడుకు దాని మీద బొగ్గుతో ఏనుగు బొమ్మ గీసినాడు. ఆ పొద్దుకు చార్టులో ఉండేదానికీ ఇంట్లో జరిగేదానికీ సంబంధమే లేదు కాబట్టి ఎవురూ వాన్ని తిట్టలేదు.

కరోనా వచ్చి మార్చిలో బళ్లు మూసినారు. మాది మగ్గం ఇల్లు. రెండు మగ్గాలు, ఒకే పట్టసాల, అయిదుగురు పిల్లోల్లు. అన్న కొడుకుకు నాలుగేండ్లు. చిన్నాయన కూతురు రెండో తరగతి, ఆమె అన్న అయిదో తరగతి. అత్త కొడుకు ఏడు. మా చెల్లెలు తొమ్మిది అయిపోయి పదికి పోవాల. నేను డిగ్రీ రెండో సంవత్సరం. "నువ్వు చదువుకున్నదానివి గదా, వీళ్లను చూసుకో" అని మా నాయన ఒక్క మాటతో నన్ను టీచరమ్మను చేసినాడు.

మీలో శానామంది ఇట్లాంటి టీచర్లే. సెలవుల్లో ఊరికొస్తే అక్క పిల్లలు, అన్న పిల్లలు మీ మీదనే పడతారు. బడికి పోనీకి కుదరని పిల్లోల్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. అందుకే నేను చేసిన తప్పులు, ఆ మీదట కుదిరిన పద్ధతి రెండూ చెప్తా. బడి మాన్పించి ఇంట్లో కుచ్చోబెట్టమని మాత్రం నేను చెప్పడం లేదు.

నా మొదటి తప్పు లెక్కలోనే ఉంది. అయిదుగురు పిల్లలు, మనిషికి అయిదు సబ్జెక్టులు అంటే ఇరవై అయిదు పాఠాలు. చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. బడిలో ఒక తరగతికి ఒక పాఠం చెప్తే ముప్పైమంది వింటారు. ఇంట్లో అయిదుగురికి అయిదు తరగతులు. బడి టైంటేబుల్‌ను ఇంటికి తెస్తే అది ఏ ఒక్కరికీ సరిపోదు.

రెండో తప్పు పదహైదు రోజులకు తెలిసింది. ఒక మాపు చెల్లెలి నోటుబుక్కు తీసి చూసినా. పదహైదు రోజులకు మూడు పేజీలు రాసింది. ఏంటికని అడిగితే కోపం చేసుకోలేదు, ఏడవలేదు. "నువ్వు అందరికీ చెప్తివి గానీ నాకు చెప్పలేదు గదక్కా" అనింది. నిజమే. నేను చిన్నోనికి అక్షరాలు దిద్దిస్తాంటే రెండో తరగతి పాపకు లెక్కలు చెప్పింది ఆమె. కొళాయిలో నీళ్లొస్తే పోయింది ఆమె. "ఇంట్లోనే ఉండావు గదా, రెండు కండెలు చుట్టు" అంటే చుట్టింది ఆమె. బడికి పోయినన్నాళ్లూ ఎనిమిది గంటలు ఆమెను పిలవనీకి ఎవురికీ కుదర్లేదు. బడి ఇంటికొచ్చేసరికి అందరికీ అందుబాటులోకి వచ్చేసింది.

చట్టంలో ఉండే గీత

2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినారు. 14 ఏండ్ల లోపు పిల్లలు ప్రమాదం లేని ఇంటి పనిలో సాయం చెయ్యొచ్చు గానీ, అది బడి టైము అయినాక గానీ సెలవుల్లో గానీ అయ్యుండాల అని రాసినారు. ఏ పని ప్రమాదం, ఏది కాదు అనేదానికి జాబితా వేరే ఉంది. నేను చూపించేది 'బడి టైము అయినాక' అనే మాటను. పిల్లోల్లు బడికి పోతే ఆ టైము గంట కొట్టినప్పుడు తెలుస్తుంది. బడి ఇంట్లోనే ఉంటే ఎప్పుడు అయినట్టు? ఎవురు చెప్పాల?

గోడ మీద అంటించే కాగితం చెప్పాల. ఇంటి చదువుకు టైంటేబుల్ అవసరమయ్యేది దీనికే. 'ఇక్కడ్నుంచి ఇక్కడి దాంకా ఈ పిల్లను ఎవురూ పిలవకూడదు' అని అది పెద్దోళ్లకు చెప్పాల. నేను మొదట వేసిన చార్టు పిల్లోల్లకు మాత్రమే రాసినా, పెద్దోళ్లకు రాయలేదు.

ఎన్ని గంటలు కావాల?

ఏడు గంటలు అక్కరలేదు. విద్యాహక్కు చట్టం 2009లో చేసినారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 1 నుంచి 5 తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటల చదువు అని ఉంది. అంటే రోజుకు 4 గంటలు. 6 నుంచి 8 తరగతులకు 220 రోజులు, 1000 గంటలు. అంటే రోజుకు నాలుగున్నర గంటలు. అది గూడా గదినిండా పిల్లలుండే బడికి. హాజరు, వరుస, గమ్మునుండండి అనడం అన్నీ అందులోనే పోతాయి. ఇంట్లో చిన్న పిల్లోనికి ముక్కలు ముక్కలుగా గంటన్నర, మధ్య వయసోల్లకు రెండున్నర, మూడు గంటలు నిజంగా జరిగితే శానా ఎక్కువ.

తరగతిని బట్టి గాదు, మన అవసరాన్ని బట్టి

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరు ఉండే చిన్న బళ్లు నడుపుతా ఒక పద్ధతి తయారు చేసినారు. ఒకే గదిలో అన్ని వయసుల పిల్లోల్లు ఉంటారు. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా చేసి, నిచ్చెన మెట్ల మాదిరి వరస పెట్టినారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే ఆ కార్డు తానే తీసుకుంటుంది. టీచరు పక్కనే ఉండాల్సినోల్లు ఒక గుంపు, రవ్వంత సాయం చాలేవాళ్లు ఒక గుంపు, తోటి పిల్లలతో కలిసి చేసుకునేవాళ్లు ఒక గుంపు, ఒంటరిగా చేసుకునేవాళ్లు ఒక గుంపు. తమిళనాడు ప్రభుత్వం ఈ పద్ధతిని తీసుకోని, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బళ్లలో, ఆ మీదట రాష్ట్రమంతా పెట్టింది.

మా ఇంట్లో కార్డులు లేవు, మూడు చాపలుండాయి. ఒకటి నా పక్కన చాప. ఇంకోటి ఇద్దరు కలిసి చేసుకునే చాప. మూడోది ఒంటరి చాప. పిల్లల్ని గూడా మూడు జట్లు చేసినా. నాలుగేండ్లోడు, రెండో తరగతి పాప చిన్న జట్టు. అయిదు, ఏడు మధ్య జట్టు. చెల్లెలు ఒక్కతే పెద్ద జట్టు. అరగంటకొకసారి ఒక జట్టు నా చాప మీదికి వస్తుంది.

టైంటేబుల్ రాసే ముందు ఇంటి గడియారం రాసుకున్నాం. కొళాయి నీళ్లు ఎప్పుడు, మగ్గం సప్పుడు ఎప్పుడు మొదలు, ఫోను ఎప్పుడు ఖాళీ, చిన్నోడు ఎప్పుడు నిద్రపోతాడు. అవి మనం మార్చలేం కాబట్టి చదువును వాటి మధ్యలో పెట్టుకోవాల. ఆఖరికి మా కాగితం ఇట్లా తయారయ్యింది.

పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాంకా చెల్లెలి సొంత చదువు. మగ్గం మొదలయ్యేలోపల ఇల్లు నిమ్మళంగా ఉంటుంది, చిన్నోల్లు ఇంకా లేచింటే లేచింటారు. ఫోను ఆ టైములో ఆమెదే. ఈ రెండు గంటలూ ఆమెను నీళ్లకు గూడా పిలవకూడదు.

9 నుంచి 9:20 అందరూ కలిసి. ఒక కథ, లేదంటే పేపర్లో ఒక వార్త. ఏడో తరగతోడు చదువుతాడు, నాలుగేండ్లోడు వింటాడు.

9:20 నుంచి 9:50 చిన్న జట్టు నా తావ. మధ్య జట్టు కలిసి లెక్కలు చేసుకుంటుంది. చెల్లెలు ఒంటరిగా.

9:50 నుంచి 10:20 మధ్య జట్టు నా తావ. చిన్న జట్టు పలక మీద రాసుకోవడం, చింతగింజలు లెక్కపెట్టుకోవడం. చెల్లెలు ఒంటరిగా.

10:20 నుంచి 10:50 చెల్లెలు నా తావ. మధ్య జట్టు ఒంటరిగా రాసుకుంటుంది. చిన్న జట్టు జేజి తావ వామనగుంటలు ఆడుతుంది.

మల్ల ఇరవై నిమిషాలు తినేదానికి, ఎగిరేదానికి.

11:10 నుంచి 11:30 పెద్దోల్లు చిన్నోల్లకు చెప్పే టైము. 11:30 నుంచి 12 ఎవురేం చేసినారో అందరికీ చూపించేది.

మధ్యాన్నం 2 నుంచి 3 చిన్నోల్లు నిద్రపోయినప్పుడు చెల్లెలికి కష్టంగా ఉండే సబ్జెక్టు, నాతో. నాలుగు దాటినాక ఆటలు, ఇంటి పని.

కూడి చూడండి. నేను చెప్పిన టైము మొత్తం 3 గంటల 20 నిమిషాలు. మొదటి చార్టులో ఏడు గంటలు పెట్టి చేయలేనిది దీంట్లో అయ్యింది.

చిన్న జట్టును ముందు ఏంటికి పిలిచినా అంటే, చిన్నోల్లు మన కోసం కాచుకోని కూచోలేరు. ముందు వాళ్లకు కడుపునిండా మన టైము ఇస్తే, ఆ మీదట రవ్వంత సేపు మనల్ని వదులుతారు. నాలుగేండ్లోనికి అరగంట గూడా ఎక్కువే. పది నిమిషాలు అక్షరాలు, మిగిలిందంతా గింజలు, బొమ్మలు. వామనగుంటలు ఆట అనుకుంటాం గానీ, గుంతకొకటి పంచడం, చేతిలో ఎన్ని మిగిలినాయో చూసుకోవడం అన్నీ లెక్కలే. ఏడో తరగతోనికి వైశాల్యం పుస్తకంలో అర్థం కాలేదు. మగ్గం మీద ఉండే చీర పొడుగు, పన్నా కొలిపిస్తే పది నిమిషాల్లో పట్టుకున్నాడు.

పెద్దోల్లు చిన్నోల్లకు చెప్పడం ఇరవై నిమిషాలే

ఇది రవ్వంత గట్టిగా చెప్పాల. పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చెప్పించడం మన తావ పాత పద్ధతి. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దే వీధిబళ్లలో అట్లనే జరిగేది. 1790ల్లో మద్రాసులో అనాథ పిల్లల బడి చూసుకుంటాన్న ఆండ్రూ బెల్ అనే ఆయన దాన్ని చూసి తన బడిలో పెట్టినాడు. 1797లో ఇంగ్లండులో దాని మీద పుస్తకం వేసినాడు. ఆ మీదట అది 'మద్రాసు పద్ధతి' అనే పేరుతోనే అక్కడి బళ్లలో పాకింది. తక్కువ టీచర్లతో ఎక్కువమందికి చెప్పొచ్చని అందరికీ నచ్చింది.

దాంట్లో మంచి ఉంది. భిన్నాలు చెల్లెలికి బాగ వచ్చింది అయిదో తరగతోనికి చెప్పినప్పుడే. ఇంకొకరికి చెప్పాలంటే మనకు యాడ తెలీదో బయటపడుతుంది. కానీ ఇరవై నిమిషాలు దాటితే అది పెద్దపిల్ల చదువు గాదు, మన పని ఆమె చేస్తాన్నట్టు. అందుకే మా కాగితంలో దానికి మొదలూ ఆఖరూ రెండూ రాసినాం. ఇంకో మాట. చెప్పేది ఎప్పుడూ ఆడపిల్లే కాకూడదు. ఏడో తరగతోడు గూడా రోజు మార్చి రోజు పాపను కుచ్చోబెట్టుకోవాల.

పెనుకొండలో గడియారం పని చెయ్యలేదు

ఆ మీద ఎండాకాలం సెలవుల్లో పెనుకొండలో మా పెద్దమ్మ కూతురు ఇంటికి పోయినా. నా కాగితం గొప్పగా తీసుకోని పోయినా గానీ అక్కడ వారానికే చెడిపోయింది. బావ ఎర్రమంచి పక్క కంపెనీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రేయి. రేయి షిఫ్టు వారంలో పగలంతా ఆయన నిద్రపోవాల. మూడో తరగతి పాప గట్టిగా ఎక్కాలు చదివితే ఎట్లా?

అక్కడ గంటలు తీసేసి వరస పెట్టినాం. నాలుగు అట్టముక్కల మీద నాలుగు మాటలు రాసినాం. 'కలిసి', 'చెప్పించుకునేది', 'సొంతంగా', 'చూపించేది'. ఏ గంటకు మొదలైనా ఈ వరస మారదు. ఒకటి అయితే అట్టముక్క తిప్పేస్తారు. పగలు షిఫ్టు వారంలో పొద్దున్నే మొదలు. రేయి షిఫ్టు వారంలో సప్పుడు లేని పనులు పగలు, గట్టిగా చదివేది బావ లేచినాక. అప్పుడు వినేది గూడా బావే. ఎనిమిదో తరగతి పిల్లోడు ఎప్పుడూ నాయనకు పాఠం చదివి వినిపించిందే లేదంట, ఆ సెలవుల్లో వినిపించినాడు.

ఆదివారం పుస్తకాలు మూసి కోట పక్కకు పోయినాం. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడినాక విజయనగర రాజులు హంపి వదిలి రాజధాని పెట్టుకుంది పెనుకొండలోనే. గగన్ మహల్ ముందర నిలబడి పెద్దోడు ఈ సంగతి చెప్తే, చిన్నది మెట్లు లెక్కపెట్టింది. ఒకే తావు, ఇద్దరికీ రెండు పాఠాలు. వేరే వేరే వయసోల్లను ఒకేసారి కుచ్చోబెట్టాలంటే ఇదే సులువు. విషయం ఒకటే పెట్టుకోని, పని మాత్రం వయసును బట్టి ఇయ్యాల.

హిందూపురంలో టీచరే లేదు

హిందూపురంలో మా మేనత్త కూతురి ఇల్లు ఇంకో రకం. రెండు గదులు, ముగ్గురు పిల్లోల్లు. ఒకటి, నాలుగు, ఆరు తరగతులు. వదిన పొద్దున కుట్టు పనికి ఫ్యాక్టరీకి పోతే మాపే వచ్చేది. పగలంతా జేజి ఒక్కతే. ఆమెకు చదువు రాదు. "నాకేం తెలుసు నాయనా, కాపలా కాస్తా అంతే" అనింది.

కాపలా గాదు జేజీ, వినేది నీ పని అని చెప్పినాం. పొద్దున పోయే ముందు వదిన పదహైదు నిమిషాల్లో మూడు సంచుల్లో మూడు పనులు పెడుతుంది. పిల్లోల్లు చేసినాక ఒకొక్కరే వచ్చి, తాము చదివింది జేజికి సొంత మాటల్లో చెప్పాల. చదవడం రాకపోయినా, పిల్లోడు యాడ తడబడినాడో, యాడ ఊరికే ఒప్పజెప్తాండాడో జేజికి ఇట్టే తెలుస్తుంది. "మల్ల చెప్పు, నాకు అర్థం కాలేదు" అంటే వాడు మల్ల పుస్తకం తీయాల్సిందే. నోటి లెక్కల్లో ఆమెను గెలిచినోడు ఆ ఇంట్లో లేడు. ఏండ్ల తరబడి చింతపండు కొట్టి కూలి లెక్క చూసుకున్న మనిషి. రేయి ఎనిమిదికి వదిన వచ్చినాక అరగంట, మనిషికి పది నిమిషాలు లెక్కన చూసేది. ఆ ఇంట్లో గూడా ఆరో తరగతి పాప మీద తమ్ముళ్ల భారం పడకుండా సంచులు ఎవురివి వాళ్లే తీసుకోవాలని కట్టు పెట్టినాం.

బడికి బదులు గాదు

బళ్లు తెరిస్తే పంపాల. మధ్యాన్నం అన్నం, స్నేహితులు, ఆటలు, మనకు తెలీని సబ్జెక్టు చెప్పే సారు మన ఇంట్లో లేరు. మన తావ 2020 నవంబరు 2న 9, 10 తరగతోల్లకు బళ్లు తెరిచినారు. 1 నుంచి 5 తరగతోల్లకు 2021 ఫిబ్రవరి దాంకా ఆగాల్సి వచ్చింది. అంత కాలం ఇల్లే బడి అయ్యింది గానీ, అది ఎవురూ కోరుకున్నది గాదు.

ఏదో ఒక కారణంతో బడి నిలిచిపోయినోల్లు మీ ఇంట్లో ఉంటే దారి లేదనుకోవద్దండి. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో, అదే ఎన్‌ఐఓఎస్‌లో, 14 ఏండ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. చేరినాక 5 ఏండ్ల లోపల 9 సార్లు దాంకా పరీక్ష రాసే వీలుంది. పాసైన సబ్జెక్టు మల్ల రాయనక్కరలేదు. మన రాష్ట్రంలో ఏపీ ఓపెన్ స్కూల్ గూడా ఉంది. కానీ దేంట్లో చేరినా ఇంట్లో చదివే టైము కాగితం మీద లేకపోతే, ఆ అయిదేండ్లు కండెలు చుట్టడంలోనే అయిపోతాయి.

2021లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసినారు. మా చెల్లెలు గూడా అందరితో పాటు పాసయ్యింది. ఆ పాసుకు నా టైంటేబుల్ అక్కరలేదు. కానీ ఇంటర్లో ఎంపీసీ తీసుకున్నప్పుడు, పొద్దున రెండు గంటలు కుచ్చోని చేసిన లెక్కలు అక్కరకొచ్చినాయి. ఇంకొకటి గూడా మిగిలింది. ఇప్పటికీ పొద్దున ఎనిమిదిన్నర లోపల మా ఇంట్లో ఆమెను ఎవురూ పని మీద పిలవరు. మా నాయన అయితే కండెలు అయిపోయినా తానే లేచి చుట్టుకుంటాడు.

ఈ ఆదివారం మీరు ఒక తెల్లకాగితం తీసుకోండి. చిన్నోల్లను, ఫోనును, ట్యూషన్‌ను పక్కన పెట్టి, అందరికంటే ముందు మీ ఇంట్లో పెద్దపిల్లకు రెండు గంటలు రాయండి. దాన్ని ఇంట్లో పెద్దోల్లకు చదివి వినిపించి, వాళ్ల చేతనే గోడకు అంటించండి.